వెండి నల్లబడలేదు

బుధవారం ఉదయానికి పరిస్థితి ఇదీ. అరకులో డిగ్రీ చదువుకుంటూ, అప్పలనరసమ్మ ఇంటి మేడ మీద గది తీసుకుని ఉంటున్న ఇద్దరమ్మాయిల్లో చిన్నదైన ప్రసన్న ఆసుపత్రి మంచం మీద ఉంది. ఆదివారం రాత్రి మొదలైన వాంతులు, విరేచనాలు సోమవారమంతా ఆమెను పిండేశాయి. బస్టాండు దగ్గర తిన్న ఎగ్ పఫ్ పడలేదని ఆమె చెప్పింది, అందరూ నమ్మారు. సెలైన్లు ఎక్కాక మంగళవారం తేరుకుంది. ఆ సాయంత్రం, పక్కనే కూర్చున్న గదిలోని రెండో అమ్మాయి బిందుమాధవి చెయ్యి పట్టుకుని అసలు సంగతి బయటపెట్టింది. తిన్నది పఫ్ కాదు. కాలేజీ వెనక వాలులో వానకు మొలిచిన పుట్టగొడుగులు కోసుకొచ్చి కూర వండుకుంది. అవి మంచివో కావో ఎలా తెలుసుకోవాలో ఆమె నేర్చుకున్నది బిందుమాధవి పెట్టిన వీడియో చూసి.

ఆ మాట విన్న దగ్గర్నుంచి బిందుమాధవికి కునుకు లేదు.

'ఒక్క కుక్కరు' అన్నది ఆమె ఫోన్‌లో నడిపే ఛానెల్. గజపతినగరం పక్క పల్లెలో దొండపాదులు, ఆనపపాదులు వేసుకునే రామారావు కూతురు బిందుమాధవి. మొదటి ఏడాది హాస్టల్లో సీటు దొరక్క గది తీసుకున్నప్పుడు ఆమెకు అన్నం వార్చడం కూడా సరిగ్గా రాదు. పాచిపోయిన పప్పు పారబోస్తూ, అడుగంటిన గిన్నెలు తోముతూ నేర్చుకున్నదంతా తనలాంటి వాళ్ళ కోసం వీడియోలు తీసి పెట్టింది. బియ్యం, పెసరపప్పు, గుప్పెడు తోటకూర ఒకే కుక్కర్లో పెట్టి దించుకోవడం. పొద్దున్నే రాజ్‌మా నానబెట్టి క్లాసుకు వెళ్తే సాయంత్రానికి కూర అయిపోవడం. చోడిపిండితో, అంటే రాగిపిండితో, అంబలి కాచి, మజ్జిగ కలిపి సీసాలో పోసుకెళ్ళడం. శుక్రవారం సంతకు అంగళ్ళు ఎత్తేసే వేళకు వెళ్తే కూరగాయలు చవగ్గా వస్తాయన్న సంగతి. నెలాఖరులో గ్యాస్ అయిపోతే స్టవ్ అవసరం లేకుండా అటుకులతో పూట ఎలా గడపాలి. గదుల్లో ఉండి చదువుకునే పిల్లలు ఆమెను అక్కా అని పిలిచేవాళ్ళు. చూపించినట్టే వండుకుని ఫొటోలు పెట్టేవాళ్ళు.

వానలు మొదలయ్యాక పుట్టగొడుగుల కూర పెట్టింది. తాను వండినవి సంతలో, ఎప్పుడూ కొనే మనిషి దగ్గర కొన్నవే. కానీ వీడియో చివర్లో ఊరుకోలేక ఇంకో మాట అంది. కొండల్లో ఉండేవాళ్ళకు ఈ కూర ఊరికే దొరుకుతుందని, వెండి వస్తువొకటి వేసి ఉడికించి చూడమని, వెండి నల్లబడకపోతే భయం లేకుండా తినొచ్చని. ఆ మాట చిన్నప్పుడెవరో అంటుంటే విన్నది. నిజమో కాదో ఎవరినీ అడగలేదు. వినడానికి బాగుందని చెప్పేసింది. ఆమె వీడియోలన్నిటిలోకీ ఎక్కువమంది చూసింది అదే.

ప్రసన్న తన కాలి పట్టీ తీసి కూరలో వేసింది. పట్టీ తెల్లగా, మెరుస్తూ బయటికొచ్చింది.

బుధవారం ఉదయం ప్రసన్నను ఇంటికి పంపించేస్తారని అనుకుంటున్నారు. ఆమె లేచి కూర్చుని, జడ వేసుకుని, ఆకలేస్తోందని ఇడ్లీ తెప్పించుకుంది. రౌండ్లకు వచ్చిన డాక్టరమ్మ కాగితం మీద సంతకం పెట్టబోతుండగా బిందుమాధవి పుట్టగొడుగుల సంగతి చెప్పింది. చెప్పకుండా ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. ఎలాగూ తగ్గిపోయింది కదా, ఇప్పుడు చెప్పి చీవాట్లు తినడమెందుకని. కానీ చెప్పింది.

డాక్టరమ్మ కలం జేబులో పెట్టేసుకుంది. స్టూలు లాక్కుని ప్రసన్న పక్కన కూర్చుని ఒక్కొక్కటే అడిగింది. ఏ రంగువి, కాడ మొదట్లో తిత్తిలాంటిది ఏమైనా ఉందా, ఎన్ని గంటలకు తిన్నావు, మొదటి వాంతి ఎప్పుడైంది. మధ్యాహ్నం తిన్నానని, రాత్రి పడుకున్నాక కడుపులో తిప్పడం మొదలైందని ప్రసన్న చెప్పింది. అంత ఆలస్యంగానా అని డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. అవునంది. ఈ కూర ఇంకెవరైనా తిన్నారా అని అడిగింది. ప్రసన్న కిటికీ వైపు తిరిగి, ఎవరూ తినలేదండీ, నేనొక్కదాన్నే, అంది.

రక్తం తీసి పంపించారు. ఫలితం వచ్చాక డాక్టరమ్మ బిందుమాధవిని వరండాలోకి పిలిచింది. బయట సన్నగా వాన పడుతోంది. ఎదురుగా ఉండాల్సిన కొండ మంచులో ఎక్కడుందో తెలియడం లేదు.

"తిన్న వెంటనే వాంతులైతే నేనింత భయపడను," అందామె. "చాలా రకాలు కడుపును తిప్పి వదిలేస్తాయి. ఆలస్యంగా మొదలయ్యేవే చెడ్డవి."

"ఇప్పుడు బాగానే ఉంది కదా మేడం. ఇడ్లీ కూడా తింది."

"అదే నా భయం. మధ్యలో ఒకటి రెండు రోజులు బాగైపోయినట్టే ఉంటుంది. మనిషి లేచి తిరుగుతుంది. లోపల లివరు పాడైపోతూ ఉంటుంది. ఈ పిల్ల రిపోర్టులో అది కనిపిస్తోంది."

బిందుమాధవి వెండి మాట అడిగింది. డాక్టరమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, వెండికీ ఈ విషానికీ సంబంధమే లేదని, ఎంత ఉడికించినా అది పోదని చెప్పింది. ఆ మాట ఎవరు చెప్పారని అడిగింది. నేనే, నా వీడియోలో చెప్పాను అంది బిందుమాధవి. డాక్టరమ్మ ప్రసన్న వాళ్ళ నాన్న నంబరు తీసుకుంది. ఇక్కడ చెయ్యగలిగింది తక్కువని, వెంటనే విశాఖపట్నం పెద్దాసుపత్రికి పంపించాలని, అంబులెన్సు సిద్ధం చేయిస్తున్నామని చెప్పింది. మిగిలిన తొక్కలో ముక్కలో ఏవైనా ఉంటే చేత్తో పట్టుకోకుండా కాగితంలో చుట్టి తెమ్మంది. అక్కడి డాక్టర్లకు పనికొస్తాయట. ప్రసన్నకు మాత్రం ఇప్పుడే ఏమీ చెప్పొద్దంది. దారిలో తానే నెమ్మదిగా చెప్తానంది.

గదికి వెళ్ళి వస్తానని ప్రసన్నకు చెప్పి బిందుమాధవి మెట్లు దిగుతుండగా ఫోన్ మోగింది. ప్రసన్న వాళ్ళ నాన్న శ్రీనివాసరావు, రంపచోడవరం నుంచి. అక్కడ ఆయనకు కిరాణా కొట్టుంది. డాక్టరమ్మ అప్పుడే ఆయనకు సంగతంతా చెప్పినట్టుంది. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది బిందుమాధవి.

"ఆ వీడియో తీసింది నువ్వేనంట కదమ్మా," అన్నాడు. "మా అమ్మాయి నీ దగ్గరుందనే నేను ఇక్కడ నిశ్చింతగా కూర్చున్నాను."

ఆయన కొట్టు కట్టేస్తున్నానని, తానూ తన భార్యా కారు మాట్లాడుకుని విశాఖపట్నం బయల్దేరుతున్నామని చెప్పి పెట్టేశాడు.

వీధిలో టూరిస్టుల జీపులు లైట్లు వేసుకుని మంచులోంచి వస్తున్నాయి. గొడుగు లేకుండానే నడిచింది. నడుస్తూనే ఫోన్‌లో ఆ వీడియో తెరిచింది. కింద కొత్తగా వచ్చిన కామెంట్లు చదివింది. పాడేరు నుంచి ఒకమ్మాయి, అక్కా మేమూ వండుకున్నాం, మా అమ్మమ్మ ఉంగరం వేసి చూశాం అని రాసింది. ఇంకెవరో, వానలు పడుతున్నాయి కదా ఈ ఆదివారం మా హాస్టల్ వెనక ఏరుతున్నాం అని రాశారు. ఆ పేర్ల వెనక మొహాలు లేవు. వాళ్ళెక్కడ ఉంటారో, ఎప్పుడు తిన్నారో, ఇవాళ ఎలా ఉన్నారో ఆమెకు తెలిసే దారి లేదు.

గదిలో పొయ్యి పక్కన తొక్కలు వేసే బకెట్టు అలాగే ఉంది. ప్రసన్న ఆసుపత్రి పాలైన దగ్గర్నుంచి ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. చేతికి పాలిథిన్ కవరు తొడుక్కుని, ఉల్లిపొట్టు, చింతపిక్కల మధ్య వెతికింది. కాడల ముక్కలు దొరికాయి. అడుగున ఒక పుట్టగొడుగు మొత్తంగా దొరికింది, ప్రసన్న వండకుండా పారేసినది. వాడిపోయినా తెల్లగానే ఉంది. కాడ మొదట్లో గుడ్డు పెంకు చిట్లినట్టు ఒక పల్చటి తిత్తి ఉంది. ఇది సంతలో తట్టలో కనిపిస్తే తాను కూడా కొనేసేది. దానిలో భయపడాల్సినది ఏదీ కనిపించకపోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది. నీళ్ళ బిందె పక్కన కూర్చుండిపోయింది.

తర్వాత లేచి, ఆ తెల్లటి దాన్ని కాగితం మీద పెట్టి, ఫోన్ ఎదురుగా నిలబెట్టింది. ఎప్పుడూ వీడియోకు ముందు జుట్టు సవరించుకునేది. ఇవాళ చెంపల మీంచి వాననీళ్ళు కారుతున్నాయి.

"నేను బిందుని. పుట్టగొడుగుల వీడియోలో నేను వెండి గురించి చెప్పింది తప్పు. తెలియకుండా చెప్పాను. మా ప్రసన్న నా మాట విని ఇవి తిని ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. మీరెవరైనా బయట కోసినవి తిని ఉంటే, వాంతులై తగ్గిపోయినా సరే, ఇప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. తగ్గింది కదా అని ఇంట్లో ఉండకండి. ఏం తిన్నారో దాచకుండా చెప్పండి. నన్ను తిట్టండి, కానీ వెళ్ళండి."

రెండోసారి చూసుకోకుండా పెట్టేసింది. పాత వీడియో తీసేసింది. తీసేసినా, చూసినవాళ్ళ బుర్రల్లోంచి అది పోదని తెలుసు. ఉంగరం సంగతి రాసిన అమ్మాయికి విడిగా మెసేజ్ పెట్టి, ఫోన్ నంబరు ఇమ్మని బతిమాలింది. జవాబు రాలేదు.

కాగితం పొట్లం పట్టుకుని దిగుతుంటే కింద తన దుకాణంలోంచి అప్పలనరసమ్మ పిలిచింది. ఆ ఇంటావిడ నోరు పెద్దదే గానీ మనసు మంచిది. అద్దెకున్న పిల్లలకు వేడినీళ్ళు కావాలన్నా, సూదీ దారం కావాలన్నా ఆమె దగ్గరికే వెళ్తారు. ప్రసన్నను విశాఖపట్నం పంపిస్తున్నారని విని ఆమె గల్లాపెట్టె మూసేసి బయటికొచ్చింది. తానూ ఆసుపత్రికి వస్తానంది. చెప్పులు వేసుకుంటూ, ఆదివారం మధ్యాహ్నం కూడా ఆ పిల్ల నవ్వుతూ తుళ్ళుతూ తిరిగిందని, ఇంతలోకే ఇలా అవుతుందని ఎవరనుకుంటారని వాపోయింది.

"ఆయేళ నా కాడికొచ్చి పెద్ద కంచం ఒకటియ్యి మామ్మా అనడిగింది," అంది. "ఏటే, కొత్తగా కంచమేటి అన్నాను. మనిసొచ్చాడు, బోజనం పెట్టాల అని అట్టుకెల్లిపోయింది."

బిందుమాధవి ఆగిపోయింది. "ఎవరు మామ్మా?"

"నానేటి సూసినాను. లోపల నడుం వాల్చేను. సాయంత్రం కంచం తోమి తెచ్చి ఇచ్చింది."

ఆదివారం పొద్దుటి నుంచి బిందుమాధవి గదిలో లేదు. అనంతగిరిలో ఒక స్నేహితురాలి ఇంటికి, కాఫీ తోటల మధ్య వీడియో తీద్దామని వెళ్ళి చీకటి పడే వేళకు వచ్చింది. వచ్చేసరికి గిన్నెలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. ఇంకెవరో తిన్నారు. ప్రసన్న డాక్టరమ్మకు అబద్ధం చెప్పింది. బిందుమాధవికి మొదట తట్టింది ప్రసన్న క్లాసులోని ధర్మతేజ. నోట్సుల కోసమని అప్పుడప్పుడు మెట్ల దాకా వచ్చి ప్రసన్నతో మాట్లాడి వెళ్తుంటాడు. వానలో పరుగులాంటి నడకతో వెళ్తూనే అతనికి ఫోన్ చేసింది. అతను క్లాసులో ఉన్నాడు. శనివారం ఊరెళ్ళి సోమవారం వచ్చానని, తనకేమీ తెలియదని, ఒట్టు పెట్టి చెప్పాడు. మరెవరు?

ఆసుపత్రి ముందు అంబులెన్సు వెనక తలుపు తెరిచి ఉంది. వార్డులో నర్సు ప్రసన్న చేతికి కొత్త సూది పెట్టి, మందులు సర్దుతోంది. ఇంటికి పంపించక విశాఖపట్నం ఎందుకో ప్రసన్నకు అంతు పట్టడం లేదు. పెద్ద పరీక్షలు అక్కడే చేస్తారట కదక్కా, సాయంత్రానికి వచ్చేస్తామా అని అడిగింది. పొట్లం నర్సు చేతికిచ్చి బిందుమాధవి మంచం అంచున కూర్చుంది. నర్సు అవతలికి వెళ్ళేదాకా ఆగింది.

"కంచంలో ఎవరికి పెట్టావు?"

ప్రసన్న మొహం మారింది. ఎవరికీ లేదంది. అప్పలనరసమ్మ గుమ్మంలో నిలబడి ఉండడం చూసి తల దించుకుంది. అది తన కోసమేనంది. తర్వాత, తెలిసినవాళ్ళొకరు వచ్చారని, వాళ్ళు కూర ముట్టుకోలేదని, వట్టి పెరుగన్నం తిని వెళ్ళారని అంది. బిందుమాధవి బుజ్జగించింది. వచ్చింది అబ్బాయైనా ఎవరైనా మీ ఇంట్లో చెప్పనంది. ప్రసన్న తల అడ్డంగా ఊపింది. అబ్బాయెవరూ కాదంది. మాటిచ్చాను, చెప్పకూడదంది.

"వాళ్ళకేమీ కాలేదక్కా. నేను నిన్న ఫోన్ చేసి కనుక్కున్నాను కూడా. వాళ్ళకీ కాస్త వాంతులయ్యాయంట, తగ్గిపోయాయంట. ఇప్పుడు బాగున్నారు."

బాగున్నారన్న మాట వినగానే బిందుమాధవి మంచం అంచు నుంచి ఆమె దగ్గరికి జరిగింది.

డాక్టరమ్మ చెప్పొద్దన్న సంగతి గుర్తుంది. ఎదురుగా ఉన్నది పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఇడ్లీ తిని, జడ వేసుకుని, సాయంత్రానికి గదికి వచ్చేస్తాననుకుంటోంది. ఆ పిల్లకు ఇప్పుడు తాను చెప్పబోయేది చెప్తే ఆ మొహంలో ఏం జరుగుతుందో తెలుసు. చెప్పకపోతే ఎక్కడో ఒక మనిషి, పేరు కూడా తెలియని మనిషి, బాగున్నాననుకుంటూ పనులు చేసుకుంటూ ఉంటాడు. ఇందులో ఏది చేసినా ఒకరికి అన్యాయమే. బిందుమాధవి ప్రసన్న రెండు చేతులూ పట్టుకుంది.

"ప్రసన్నా, నీక్కూడా తగ్గలేదు," అంది. "తగ్గినట్టుంది అంతే. విషం లోపలే ఉంది. అందుకే పంపిస్తున్నారు. ఆ తిన్నవాళ్ళకూ అంతే. వాళ్ళకు ఎవరూ చెప్పకపోతే వాళ్ళు ఆసుపత్రికి వెళ్ళరు."

ప్రసన్నకు మొదట అర్థం కాలేదు. తర్వాత, సూది పెట్టిన తన చేతి వంకా, తెరిచి ఉన్న తలుపు వంకా చూసింది.

"నేను చచ్చిపోతానా అక్కా?"

లేదని చెప్పేయాలని బిందుమాధవికి అనిపించింది. తెలియని మాట చెప్పే కదా ఇంత దాకా తెచ్చింది. "తెలీదు," అంది. "డాక్టర్లు ఉన్నారు. బేగి వెళ్తే మంచిదన్నారు. నేనూ నీతో వస్తున్నాను. కానీ ఎవరు తిన్నారో చెప్పు."

ప్రసన్న ఏడవలేదు. దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కుంది. చివరికి చాలా చిన్న గొంతుతో చెప్పింది.

"మీ నాన్నగారు."

ఆదివారం నాన్న వచ్చి వెళ్ళిన సంగతి బిందుమాధవికి తెలియంది కాదు. నెలకోసారి బియ్యం బస్తా, కూరలు పట్టుకుని రైల్లో వస్తాడు. కూతురు లేని రోజు వచ్చినందుకు ఫోన్‌లో ఆమె కోప్పడితే, బస్తా దింపేసి వెంటనే వెళ్ళిపోయానని, మళ్ళీ వస్తాలెమ్మని అన్నాడు. అన్నం తిన్న సంగతి చెప్పలేదు.

ప్రసన్న ఆగకుండా చెప్పుకుపోయింది, ఒక్కసారి ఆగితే మళ్ళీ చెప్పలేననుకున్నట్టు. ఆయన వచ్చేసరికి కూర పొయ్యి మీదుంది. రైలుకు ఇంకా టైముంది కదా బాబాయ్, తినివెళ్ళండి అంది. వద్దు వద్దంటూనే కూర్చున్నాడు. కూర వాసన చూసి, ఇది మా గుంట ఫోన్లో చూపించిన కూరేనా అని అడిగాడు. కూతురి వీడియోలన్నీ ఆయన చూస్తాడట. అవునంటే సంతోషపడ్డాడు. రెండోసారి అడిగి వేయించుకున్నాడు. మంగళవారం ప్రసన్న భయపడి ఫోన్ చేస్తే, తనకూ సోమవారమంతా కడుపు బాగాలేదని, రైల్లో కొనుక్కున్న పకోడీలు పడలేదని అన్నాడు. ఇప్పుడు శుభ్రంగా ఉన్నానన్నాడు. ఈ సంగతి బిందుకు చెప్పొద్దని, దడుసుకుంటుందని, తన కూర వల్లేమో అనుకుని వంటలు పెట్టడం మానేస్తుందని, మాట తీసుకున్నాడు.

"నువ్వప్పటికే ఏడుస్తున్నావక్కా," అంది ప్రసన్న. "ఇది కూడా ఎలా చెప్పను?"

బిందుమాధవికి ఆ మాటలు దూరం నుంచి వినిపించాయి. తన ఫోన్ తీసింది. వేళ్ళు తడిగా ఉండి తెర పలకలేదు. చున్నీకి తుడుచుకుని మళ్ళీ నొక్కింది. నాన్న నంబరు మోగింది. ఎత్తింది అమ్మ, రత్నాలు.

"ఏటే, ఈ ఏలప్పుడు సేసేవు? కాలేజీ నేదా?"

నాన్నకివ్వమంది బిందుమాధవి. నాన్న లేడంది అమ్మ. ఫోను చార్జింగుకు పెట్టి అలాగే ఒగ్గేసి తెల్లారకుండానే బస్సెక్కేశాడట. చిన్నత్తా వాళ్ళు కొత్తింట్లో రేపు పాలు పొంగిస్తున్నారు కదా, అక్కడికి వెళ్ళాడట. చిన్నత్త మొగుడు మారేడుమిల్లి అవతల అడవిలో మొక్కల నర్సరీలో పని చేస్తాడు. అక్కడ సిగ్నలు ఉండదు. గేదె ఈనేలా ఉందని తాను ఆగిపోయానని అమ్మ చెప్పుకుపోతోంది. ఎల్లుండికి గాని రాడంది.

"అమ్మా, నాన్నకి ఒంట్లో ఎలాగుంది?"

"బాగానే ఉన్నాడే. నిన్న సేనుకి కూడా ఎల్లేడు. పొద్దున్న గంజి తాగినాడు." గొంతు తగ్గించి అంది. "ఎల్లేటప్పుడు లైటు కింద సూత్తే కళ్ళు పచ్చగా అవుపడ్డాయి. నిద్దర్లేక అనుకున్నాను. ఏటయిందే?"

బిందుమాధవి మళ్ళీ చేస్తానని పెట్టేసింది. అప్పటికే డాక్టరమ్మ లోపలికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. అప్పలనరసమ్మ ఆమెకు గబగబా సంగతంతా చెప్పింది. డాక్టరమ్మ మొహం గట్టిపడింది. ఆయన ఎక్కడున్నా సరే దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి చేరాలని, ఎల్లుండి దాకా ఆగితే చెయ్యడానికి ఏమీ మిగలకపోవచ్చని చెప్పింది. తెల్లారకుండా బయల్దేరినవాడు ఇప్పుడెక్కడ ఉంటాడని అడిగింది. రాజమండ్రి చేరి ఉంటాడు. అక్కడ మారేడుమిల్లి బస్సెక్కుతాడు. ఎక్కితే మధ్యాహ్నానికి అడవిలోకి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఎవరు పిలిచినా వినపడదు.

స్ట్రెచరు వచ్చింది. ప్రసన్నను దాని మీదికి మార్చారు. అంబులెన్సు డ్రైవరు ఘాట్‌లో మంచు పెరుగుతోందని, ఇంక ఆగకూడదని తొందరపెట్టాడు. బిందుమాధవి స్ట్రెచరు పక్కన నడుస్తోంది కానీ ఎక్కాలో, ఆగిపోవాలో, ఏ బస్సుకు అడ్డం వెళ్ళాలో తోచడం లేదు. ఇక్కణ్ణుంచి రాజమండ్రికి ఎంత పరుగెత్తినా ఆ బస్సును అందుకోవడం కుదరదు. ఆ బస్సు వెళ్ళే దారిలో తెలిసినవాళ్ళు ఎవరున్నారు?

ఆ ప్రశ్నకు జవాబు ఆమెకూ ప్రసన్నకూ ఒకేసారి తట్టింది. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి వెళ్ళే ప్రతి బస్సూ రంపచోడవరం బస్టాండులో ఆగుతుంది. బస్టాండు పక్క సందులోనే శ్రీనివాసరావు కొట్టు.

బిందుమాధవి ఆ ఆలోచనను బయటికి చెప్పలేకపోయింది. కన్నకూతురి కోసం ఇటు పరుగెత్తుతున్న మనిషిని ఆగమనాలి. ఎవరి మాట విని ఆయన కూతురు ఇలా అయిందో ఆ మనిషి తండ్రి కోసం ఆగమనాలి. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

"ఫోనివ్వక్కా," అంది ప్రసన్న.

సూది లేని చేత్తో నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. పక్కనే ఉన్న బిందుమాధవికి అటు కారు స్టార్టయిన చప్పుడు, వెనక ప్రసన్న వాళ్ళమ్మ ఏడుపు వినిపించాయి. శ్రీనివాసరావు కూతురి గొంతు విని ఒక్కసారిగా కరిగిపోయినట్టున్నాడు. ఎలా ఉన్నావమ్మా, వచ్చేస్తున్నాం, నువ్వక్కడికి చేరేసరికి మేమూ ఉంటాం అంటున్నాడు.

"నాన్నా, అమ్మని పంపించు. నువ్వు రాకు," అంది ప్రసన్న. "బస్టాండులో ఉండు. మారేడుమిల్లి బస్సులన్నీ ఆపు. అందులోంచి ఒకాయన్ని దింపి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నేను తిన్నదే ఆయనా తిన్నాడు, నేనే పెట్టాను."

అటు కారు ఇంజను ఆగిపోయింది. ప్రసన్న వాళ్ళమ్మ ఏడుపు కూడా ఆగింది.

"ఎవరాయన?" అన్నాడు శ్రీనివాసరావు.